మూడో ఏడు

"మీ గవర్నమెంటు ఐసుముక్కలకి నా ఫ్రిజ్జే దొరికిందా?" అంది అత్తగారు పాపాయమ్మ, చేపల గిన్నె పెట్టడానికి చోటు చాలక.

మెర్సీ పై అరలోంచి నాలుగు ఐసుప్యాకులూ తీసి టీకాల డబ్బాలో సర్దుకుంది. బుధవారం టీకాల రోజు. మందు సీసాలు ఆసుపత్రి వాళ్ళు పంపిస్తారు గానీ ఐసు గడ్డకట్టించుకునే బాధ్యత నర్సమ్మదే. ఆ ఫ్రిజ్ మెర్సీ జీతంతో కొన్నది. ఇంట్లోకొచ్చిన రోజు నుంచీ మాత్రం అది అత్తగారి ఫ్రిజ్జే. టీవీ మొగుడు ఆరోన్‌ది, స్కూటరు ఆరోన్‌ది. వీధిగదిలో బల్ల మీద ఎత్తుగా పేర్చిన రిజిస్టర్లు మటుకు మెర్సీవి. వాటిని ఎవరూ తమవి అనలేదు.

సిద్ధాంతం వంతెన దిగి గోదావరి గట్టు వెంట పోతే ఇసుకలంక వస్తుంది. ఆ ఊరికీ, చుట్టూ ఉన్న మరో మూడు ఊళ్ళకీ పదిహేనేళ్ళుగా మెర్సీయే నర్సమ్మ. అయిదువేల మంది జనం. ఎవరింట్లో ఎవరు నీళ్ళోసుకున్నారు, ఎవరికి ఆపరేషనయింది, ఎవరి బిడ్డకి పోలియో చుక్కలు పడలేదు, ఎవరు ఎప్పుడు పోయారు, అన్నీ ఆమె చేత్తో రాసినవే. నాలుగున్నరకి లేచి, అన్నం వండి, కూర వండి, ఆరోన్‌కి క్యారేజీ కట్టి, అత్తగారికి కాఫీ ఇచ్చి, కళ్ళాపి చల్లి, ఎనిమిదింటికి గట్టెక్కితే మళ్ళీ సాయంత్రం అయిదింటికి ఇంట్లో పొయ్యి ముందు. కూతురు తణుకులో ఇంటర్ చదువుతూ హాస్టల్లో ఉండటంతో ఇంట్లో పని తగ్గిందని అందరూ అనేవాళ్ళు. ఎక్కడ తగ్గిందో మెర్సీకి కనబడలేదు. ఆరోన్ మిషన్ స్కూల్లో మాస్టారు, సంఘంలో పెద్ద. ఇంటికి ఎవరైనా వస్తే, "మా ఆవిడ ఉద్యోగం అంటే ఏముందండి, ఇల్లిల్లూ తిరిగి మీకెంతమంది పిల్లలని అడగడమే కదా" అని నవ్వేవాడు. వచ్చినవాళ్ళూ నవ్వేవాళ్ళు. మెర్సీ టీ గ్లాసులు తీసేది. ఆ నవ్వు ఆమెకి బాధగా ఉండటం ఎప్పుడో మానేసింది. అలసట ఒక్కటే మిగిలింది. అది నిద్రతో పోయే అలసట కాదు.

ఆ రోజు టీకాలయ్యాక మూడింటికి పీహెచ్‌సీలో మీటింగన్నారు. రెండువేల అయిదు, జూలై నెల. జిల్లా ఆఫీసు నుంచి సూర్యకళ అని కొత్త స్టాటిస్టికల్ ఆఫీసరు వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. గోడకి అంటించిన జిల్లా పటం పక్కన నిలబడి, కాగితం చూడకుండా మాట్లాడింది.

"ఈ నాలుగు మండలాలకీ కలిపి హెచ్ఐవీ పరీక్ష కేంద్రం ఒకటి ఇస్తామంటున్నారండి. ఒకటే ఇస్తారు. ఇప్పుడు ఇక్కడివాళ్ళకి పరీక్ష కావాలంటే ఏలూరు దాకా రావాలి. కూలి మానుకుని ఎవరొస్తారండి? ఎక్కడ పెట్టాలో పైవాళ్ళు అంకెలు చూసే నిర్ణయిస్తారు. అంకెలు రాని ఊళ్ళో రోగం లేదనుకుంటారు."

తలా ఒక ఫారం ఇచ్చారు. లారీ డ్రైవర్లు ఎంతమంది, వలస పోయేవాళ్ళు ఎంతమంది, వృత్తి చేసే ఆడవాళ్ళు ఎంతమంది. ఒక్కోదానికి ఒక్కో గడి. మెర్సీ ఆ గడులు రెండుసార్లు చదివింది. మీటింగుల్లో ఆమె ఎప్పుడూ నోరు తెరవదు, చివరి బెంచీలో కూర్చుని హాజరు పడిందో లేదో చూసుకుని పోతుంది. ఆ రోజు ఎందుకో లేచి నిలబడింది.

"పెళ్ళయి ఇంట్లో ఉన్న ఆడవాళ్ళకి గడి లేదండి మేడమ్."

సూపర్‌వైజరు చంద్రరావు ముందు వరసలోంచి వెనక్కి తిరిగాడు. "సంసారులకెందుకమ్మా ఆ గడి?" అన్నాడు. మగవాళ్ళంతా నవ్వారు. ఇద్దరు ముగ్గురు నర్సమ్మలూ నవ్వారు, నవ్వకపోతే బాగుండదని.

సూర్యకళ నవ్వలేదు. "మీ ఊళ్ళల్లో అలాంటివాళ్ళు ఉన్నారా?"

"పరీక్షే లేదు కదండీ, ఉన్నారని ఎలా చెప్పను? కానీ పోయినవాళ్ళ లెక్క నా దగ్గరుంది."

"ఎన్నేళ్ళది?"

"పదిహేనేళ్ళదండి."

సూర్యకళ కుర్చీ లాక్కుని ఆమెకి ఎదురుగా కూర్చుంది. అయిదేళ్ళది చాలంది. ఇరవైకీ నలభై అయిదుకీ మధ్య పోయినవాళ్ళు, ఆడా మగా వేరువేరుగా, ఏ ఏడు ఎంతమంది అన్నది కావాలంది. "ప్రమాదాలూ, కాన్పులూ తీసెయ్యండి. పేర్లొద్దు. ఒక్క పేరు కూడా వద్దు. వచ్చే బుధవారానికి ఇవ్వగలరా?" అని అడిగింది. ఆ అమ్మాయి మెర్సీని 'ఇవ్వగలరా' అని అడిగింది. పదిహేనేళ్ళలో ఆమెను 'ఇచ్చెయ్' అన్నవాళ్ళే గాని అలా అడిగినవాళ్ళు లేరు.

బయట సైకిల్ స్టాండు దగ్గర చంద్రరావు అందుకున్నాడు. "సిస్టర్, ఆవిడ ఇవాళుంటాది, రేపు బదిలీ అయి పోతాది. మనం ఇక్కడే ఉండాలి. మీ రిజిస్టర్లో టీబీ అనుంటే టీబీ అనే రాసెయ్యండి, జ్వరం అనుంటే జ్వరం. మన దగ్గర సున్నా పెడదాం. ప్రెసిడెంటుగారు కూడా చెప్పారు. ఊరికి ఆ పేరొస్తే మగపిల్లలకి సంబంధాలు రావు."

"ఆడపిల్లలకండి?" అంది మెర్సీ.

"వాళ్ళకీనూ" అన్నాడు చంద్రరావు, అప్పుడే గుర్తొచ్చినట్టు.

శనివారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. ఎవరూ రారని తెలిసి, సబ్‌సెంటర్‌లో తలుపు దగ్గరకేసుకుని మెర్సీ మరణాల రిజిస్టర్లు ముందు పెట్టుకుంది. తెల్లకాగితం మీద స్కేలుతో గళ్ళు గీసుకుంది. ఒక్కొక్క పేరు చదువుతూ ఒక్కొక్క నిలువు గీత. మగవాళ్ళు రెండువేలలో నలుగురు, ఆ పై ఏడు నలుగురు, ఆ పైన ఆరుగురు, తొమ్మిదిమంది, పదిమంది. గీతలు కాగితం కుడివైపుకి పోయేకొద్దీ చిక్కబడ్డాయి. తను రాసిన కారణాలే మళ్ళీ చదువుకుంది. టీబీ. జ్వరం. విరేచనాలు. కామెర్లు. టీబీ. ఇరవై ఎనిమిదేళ్ళవాడు విరేచనాలతో పోయాడని తనే రాసింది, సంతకమూ చేసింది. ఇన్నేళ్ళూ ఒక్కొక్క చావుకీ ఒక్కొక్కసారి వెళ్ళి, ఏడ్చేవాళ్ళ పక్కన కాసేపు కూర్చుని, వివరాలడిగి రాసుకుని వచ్చింది గాని, అన్నీ ఒకచోట పెట్టి చూడలేదు. చూడమని ఎవరూ అడగలేదు. అడగనిదే చూసే తీరిక ఆమెకెప్పుడుంది?

ఆడవాళ్ళ గడిలో మొదట ఏడాదికి ఇద్దరే. తరువాత నాలుగు గీతలు పడ్డాయి, ఆ తరువాత ఆరు. అప్పుడు ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. పోయిన మగవాళ్ళ పక్కన, విడిగా తన డైరీలో, వాళ్ళ భార్యల సంగతి రాసుకుంటూ వెళ్ళింది. మొదటి మూడేళ్ళలో పోయిన పద్నాలుగు మందిలో పదకొండుమందికి భార్యలున్నారు. ఆ పదకొండుమందిలో అయిదుగురు ఇప్పుడు లేరు. అయిదుగురూ భర్త పోయిన రెండో ఏడో, మూడో ఏడో పోయినవాళ్ళే. వాళ్ళలో చిన్నమ్మాయి అనే ఆమె గుర్తొచ్చింది, చాకలిపేట చివరింటి పిల్ల. మొగుడు పోయాక అత్తవారు కంచం, గ్లాసు విడిగా పెట్టేశారు. చిక్కి పుల్లలా అయిపోయి, సబ్‌సెంటర్ అరుగు మీద కూర్చుని, "నేనేం తిన్నానని నాకీ విరేచనాలు నర్సమ్మగారూ? మా ఆయన దేవుడండి, నేనే పాపమూ ఎరగనండి" అంది. మెర్సీ మాత్రలిచ్చి పంపింది. నెల తిరక్కుండా వెళ్ళి ఆ పిల్ల పేరు రాసుకొచ్చింది. జ్వరం.

రెండువేల రెండు, ఆగస్టు పేజీ వచ్చింది. అందులో ఏముందో తెలుసు. ఏసురాజు, ముప్పై ఒక్క ఏళ్ళు, లారీ డ్రైవరు, టీబీ. తన చేతిరాతే, గుండ్రంగా, తప్పుల్లేకుండా. ఏసురాజు ఆరోన్ తమ్ముడు.

అతను పోయే ముందు, రాజమండ్రి ఆసుపత్రి వరండాలో రక్తపరీక్ష రిపోర్టు మొదట చదివింది మెర్సీయే. చదివి ఆరోన్‌కి అందించింది. ఆరోన్ దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. "టీబీ అని చెబుదాం. టీబీ కూడా ఉంది కదా, అబద్ధమేం కాదు" అన్నాడు. "సంపూర్ణకో?" అంది మెర్సీ. "చెప్తే ఏమవుద్ది? మందుందా దానికి? ఉన్న నాలుగు రోజులూ ఆ పిల్లనైనా ప్రశాంతంగా ఉండనీ" అన్నాడు. ఆ మాట ఎంత దయగా వినబడిందో మెర్సీకి ఇప్పటికీ గుర్తు. ఏసురాజు భార్య సంపూర్ణ ఏడాది పిల్లని చంకనేసుకుని వరండా ఆ చివర నుంచి వచ్చింది. సంపూర్ణకి చదువు రాదు. "అక్కా, కాగితంలో ఏం రాశారు?" అని అడిగింది. మెర్సీ టీబీ అంది. సంపూర్ణ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. ఏసురాజు పోయిన నెలకి పాపాయమ్మ, "నా కొడుకుని మింగేసింది, ఇది నా కళ్ళ ముందుండకూడదు" అని ఏడ్చి గోల చేస్తే, సంపూర్ణ అన్న వచ్చి తల్లినీ పిల్లనీ జంగారెడ్డిగూడెం తీసుకుపోయాడు. మెర్సీ బస్సు దాకా వెళ్ళింది. పిల్లకి బిస్కెట్లు కొనిచ్చింది. బిస్కెట్లు!

ఇప్పుడు కాగితం మీద ఏసురాజు ఒక గీత. ఆ గీత నుంచి వేలితో లెక్కపెట్టుకుంటూ వచ్చింది. మూడో ఏడు నడుస్తోంది. ఇంకో నెలలో అది కూడా నిండుతుంది. బయట వాన రేకుల మీద ఒకటే మోత.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, భోజనాలయ్యాక, ఆరోన్ పేపరు చదువుకుంటుండగా చెప్పింది.

"సంపూర్ణకి నిజం చెప్పాలనుకుంటున్నానండి."

ఆరోన్ పేపరు దించలేదు. "ఏ నిజం?"

"మందు లేని రోగం గురించి చెప్పి ఏం లాభమన్నారు అప్పుడు. ఇప్పుడు పెద్దాసుపత్రుల్లో మందులు ఉచితంగా ఇవ్వడం మొదలెట్టారండి. వేసుకుంటే బతుకుతారు."

"అంటే నా తమ్ముడు తిరుగుబోతని నువ్వే చాటింపేస్తానంటావు."

"ఏసురాజు ఎలాంటివాడని నేనడగట్లేదండి. సంపూర్ణ బతుకుద్దా లేదా అని అడుగుతున్నాను."

ఆరోన్ పేపరు మడిచాడు. బడిలో పిల్లలతో మాట్లాడే గొంతుతో, మెల్లగా, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పాడు. "సంఘంలో నేను పెద్దని. రేపు మన పిల్లకి సంబంధం చూడాలి. పోయినవాడు పోయాడు. ఆ అమ్మాయి వాళ్ళింటి దగ్గర సుఖంగా ఉంది. నువ్వెళ్ళి నిప్పు పెట్టొస్తావా? ఉద్యోగం బయట చూసుకో మెర్సీ, ఇంట్లోకి తేకు."

మెర్సీకి నవ్వొచ్చింది. ఈ ఇంట్లోకి తను తేనిదేముంది? గుమ్మంలో కూర్చున్న పాపాయమ్మ అంతా వింది. "నా కొడుకుని సమాధిలోంచి తవ్వుతావేంటే?" అని లేచింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తూనే, "మూడేళ్ళకి ఇప్పుడు గుర్తొచ్చిందా నీకు?" అంది.

మిగతా మాటలు ఆమెకి కొత్త కాదు, పక్కకి జారిపోయాయి. ఇదొక్కటి నిలబడిపోయింది. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరైనా న్యాయమైన మాట అన్నారంటే అది పాపాయమ్మే. మూడేళ్ళు. టీకాలు, కాన్పులు, ఆపరేషన్ల టార్గెట్లు, క్యారేజీలు, అత్తగారి మోకాళ్ళ నొప్పులు, కూతురి ఫీజులు. తీరిక లేదనుకుంది. భయమని ఒప్పుకోవడం కంటే అలసిపోయానని చెప్పుకోవడం తేలిక. గిన్నెలు తోముతూ ఇదంతా అనుకుంది. గిన్నెలు అయిపోయినా అనుకోవడం అయిపోలేదు.

బుధవారం చంద్రరావు ఆ గళ్ళ కాగితం చూసి, సంతకం పెట్టనన్నాడు. "మీకు ఏజెన్సీకి బదిలీ కావాలా సిస్టర్?" అన్నాడు, నవ్వుతూనే. మెర్సీ కింద తనే సంతకం చేసి, తేదీ వేసి, సూర్యకళ చేతికిచ్చింది. పేర్లు లేవు. ఏసురాజు ఒక గీత, చిన్నమ్మాయి ఒక గీత. సూర్యకళ వేలు మగవాళ్ళ వరస మీద పోనిచ్చి, కింద ఆడవాళ్ళ వరసలోకి దిగి, ఆగింది.

"వీళ్ళు వాళ్ళ వెనకాలే వస్తున్నారు" అంది.

"అవునండి. రెండు మూడేళ్ళు ఆలస్యంగా."

"ఆ రెండు మూడేళ్ళే మన చేతిలో ఉన్నవి" అంది సూర్యకళ, ఎవరితోనో కాదు, కాగితంతో.

మర్నాడు మెర్సీ సెలవు పెట్టింది. పెనుగొండ దాకా షేర్ ఆటో, తణుకు దాకా ఒక బస్సు, తాడేపల్లిగూడెం దాకా ఇంకోటి, అక్కడ దిగి మరో బస్సు. వరిచేలు అయిపోయి ఎర్రమట్టి మొదలైంది. దారి పొడుగునా పామాయిల్ తోటలు. కిటికీ పక్కన కూర్చుని ఏం చెప్పాలో నాలుగైదు రకాలుగా కూర్చుకుంది. శిక్షణలో నేర్పిన మాటలున్నాయి, రోగి పక్కన కూర్చోవాలి, కళ్ళలోకి చూడాలి, తొందరపెట్టకూడదు. ఆ పాఠంలో చెప్పేవాళ్ళు మూడేళ్ళు ఆలస్యంగా వస్తే ఏం చెయ్యాలన్నది లేదు.

సంపూర్ణ జీడిపిక్కల బట్టీలో పని చేస్తోంది. పిలిపిస్తే బయటికొచ్చింది. జీడి అంటి వేళ్ళన్నీ నల్లబడ్డాయి. మెడ ఎముకలు తేలాయి. "అక్కా!" అని దగ్గరికొచ్చి, జీడి అంటుకుంటుందని చేతులు వెనక్కి పెట్టుకుంది. నాలుగేళ్ళ దీవెన తల్లి చీర పట్టుకుని నిలబడి మెర్సీ సంచీ వంక చూసింది. బట్టీ వెనక గోడ నీడలో కూర్చున్నారు. మెర్సీ కూర్చుకున్న మాటలేవీ రాలేదు. "ఏసురాజుకి వచ్చింది టీబీ ఒక్కటే కాదు సంపూర్ణా. హెచ్ఐవీ. ఆ రోజు కాగితంలో రాసింది అదే" అనేసింది.

సంపూర్ణ తన వేళ్ళు చూసుకుంది.

"చదవడానికి మూడేళ్ళు పట్టిందా అక్కా?"

మెర్సీ సంచీ పిడి వేలికి చుట్టుకుంది.

"నాకు అనుమానమే. చదువు రాదు గాని మొహాలు చూడ్డం వచ్చు. బావగారు చెప్పరు. అత్త చెప్పదు. చెప్తే నువ్వే చెప్పాలనుకున్నాను. మొదటేడంతా బస్సు శబ్దమైతే గుమ్మంలోకి వచ్చేదాన్ని" అంది సంపూర్ణ. గొంతులో కోపం లేదు. అదే మెర్సీకి భరించరానిదిగా ఉంది. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే ఆ పిల్ల మళ్ళీ తనని ఓదార్చాలి. పనులు మోసి మోసి ఉన్నదాని మీద ఇంకో పని పెట్టడమే అది. మింగేసింది.

"దీవెనకో?" అంది సంపూర్ణ.

"చూపించాలి."

"ఎప్పుడు?"

"రేపే. నేనూ వస్తాను."

ఆ రాత్రికి మెర్సీ వాళ్ళ వసారాలోనే పడుకుని, తెల్లవారి బస్సుకి ముగ్గురూ ఏలూరు వెళ్ళారు. తల్లికీ పిల్లకీ రక్తం తీశాక, సలహాలు చెప్పే అమ్మాయి మెర్సీ వైపు తిరిగి, "మీరెప్పుడైనా చేయించుకున్నారా అండి?" అని మామూలుగా అడిగింది. మా ఆయన సంఘపెద్ద అని చెప్పబోయింది మెర్సీ. చిన్నమ్మాయి గొంతు చెవిలో వినబడింది, మా ఆయన దేవుడండి అని. వందలమందికి సూదులు గుచ్చిన మనిషి కుర్చీలో కూర్చుని జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. ఇరవై ఏళ్ళ కాపురంలో తన ఒంటి గురించి తనంతట తను తెలుసుకోబోయే మొదటి సంగతి అదేనేమో.

మెర్సీకి ఏమీ లేదని వచ్చింది. దీవెనకీ లేదు. సంపూర్ణకి ఉంది. ఆ అమ్మాయి చెప్పేదంతా విని సంపూర్ణ, "పిల్లకి లేదని ఇంకోసారి చెప్పండి" అంది. రెండోసారి చెప్పాక అప్పుడు ఏడ్చింది. ఇంకా మందులు మొదలెట్టే స్థితి రాలేదన్నారు. మూడు నెలలకోసారి చూపించుకోవాలి, వేళకి తినాలి, దగ్గొస్తే ఆగకూడదు. వేళకొచ్చారు, పిల్ల చదువులు చూసుకోవచ్చు అన్నారు.

నవంబరులో ఆర్డరొచ్చింది. ఇసుకలంకకి అరగంట దూరంలో ఉన్న ప్రభుత్వాసుపత్రికి పరీక్ష కేంద్రం మంజూరైంది. గర్భిణీ అయిన ప్రతి ఆడమనిషికీ, సంసారైనా ఎవరైనా, అడిగి ఒప్పించి పరీక్ష చెయ్యాలన్నారు. ప్రారంభోత్సవం నాడు మెర్సీ గీసిన గళ్ళ పట్టికని పెద్ద అట్ట మీద రంగుల్లో అచ్చేసి గోడకి తగిలించారు. కింద, ఆ మండలం సూపర్‌వైజరు పేరు. చంద్రరావుకి శాలువా కప్పారు. "మొదట్నుంచీ నేను చెబుతూనే ఉన్నానండి" అన్నాడు మైకులో. ఆ వేళకి మెర్సీ వెనకాల అతిథులకి టీ గ్లాసులు సర్దుతోంది. సూర్యకళ జనంలోంచి వచ్చి ఆమె చేతిలో ట్రే తీసుకుని బల్ల మీద పెట్టి, పక్కన నిలబడింది. అంతే జరిగింది. మెర్సీకి దక్కింది ఇంకో కొత్త రిజిస్టరు. కాకపోతే ఆ నెలలోనే పదిహేడుమంది గర్భిణీలు పరీక్ష చేయించుకున్నారు. ఒకామెకి ఉందని తేలింది. బిడ్డకి రాకుండా కాన్పు వేళ వేసే మందు ఆమెకి సిద్ధం చేసిపెట్టారు. అది రిజిస్టర్లో రాస్తున్నప్పుడు మెర్సీ చెయ్యి ఎప్పటికంటే నెమ్మదిగా కదిలింది.

క్రిస్‌మస్ వెళ్ళిన వారానికి జంగారెడ్డిగూడెం నుంచి సంపూర్ణ ఫోన్ చేసింది. సంగతి వదినకి తెలిసిందట. మొదట కంచం వేరు చేసింది, తరువాత పడక వసారాలోకి మార్చింది, ఇప్పుడు పిల్లని తన పిల్లలతో ఆడనివ్వడం లేదట. "నేను ఎలాగో పడతాను అక్కా, దీవెన అడుగుతోంది, నన్నెందుకు రావద్దంటున్నారని" అంది. మెర్సీ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆలోచన అంతా ఎప్పుడో అయిపోయినట్టుంది.

శనివారం ఆరోన్ స్కూలు నుంచి వచ్చేసరికి పెరటి వైపు గది తలుపులు బార్లా తీసి ఉన్నాయి. ఏసురాజు పెళ్ళయినప్పుడు వాళ్ళ కోసం వేసిన గది అది. మూడేళ్ళుగా అందులో ఆరోన్ ట్యూషన్లు చెబుతున్నాడు. నల్లబల్ల గోడ మీంచి దిగింది. నేల కడిగి ఉంది. మెర్సీ కొంగు బొడ్డులో దోపుకుని బెంచీలు ఒక్కొక్కటే వసారాలోకి లాగుతోంది. పాపాయమ్మ బావి గట్టు మీద కూర్చుని చూస్తోంది. తిట్టడం లేదు, ఏడవడం లేదు. ఒడిలో చేతులు పెట్టుకుని చూస్తోంది.

"ఏంటిది?" అన్నాడు ఆరోన్.

"సంపూర్ణా దీవెనా వస్తున్నారు. ఆసుపత్రి ఇక్కణ్ణించి దగ్గర."

"అమ్మనడిగావా?"

"లేదండి."

"నన్నడిగావా?"

"లేదు."

ఆరోన్ తల్లి వంక చూశాడు. పాపాయమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. "ఆ పిల్లకి పల్లెం ఏదుందో చూడాలి" అంది గొణుగుతున్నట్టు, ఏ పిల్లకో చెప్పలేదు. ఆరోన్‌కి గొంతు పెంచడం అలవాటు లేదు. తగ్గించాడు. "ఊళ్ళో అడిగితే ఏం చెప్పమంటావ్ నన్ను? సంఘంలో ఏమని చెప్పను?"

"ఏసురాజు భార్య తనింటికి వచ్చిందని చెప్పండి. ఇంకేం చెప్పక్కర్లేదు. మిగతాది ఆ పిల్ల సొంత విషయం. తను చెప్పుకోవాలనుకుంటే చెప్పుకుంటుంది."

మిగిలిన ఆఖరి బెంచీ గుమ్మానికి అడ్డంపడి కదల్లేదు. పాతకాలం టేకుది, ఆరుగురు పిల్లలు కూర్చునేంత పొడుగు. మెర్సీ ఒక చివర ఎత్తి, ఒక్క అడుగు లాగి, ఆగిపోయింది. నడుము పట్టేసింది. ఎప్పుడూ అయితే దించి, ఊపిరి పీల్చుకుని, తనే ఎలాగోలా లాక్కునేది. ఈసారి దించలేదు. ఎత్తి పట్టుకునే ఉండి, మొగుడి వంక చూసింది.

"నా ఒక్కదాని వల్ల కాదండి. ఆ చివర పట్టుకోండి."